పేరు దుబ్బు

ఆగస్టు 30

కూర్మమ్మత్త ఈరోజు నాకో పని అంటగట్టింది. మా అరటితోట సంఘానికి ఈ కార్తీక పున్నమికి పాతికేళ్ళు నిండుతాయి. ఆరోజు సభలో సంఘం చరిత్ర చదవాలట. అది నేను రాయాలట.

"ఇచ్ఛాపురంలో ఇంటరు సదివినావు గదే, రాయి. నా గురించి మాత్రం కాస్త గట్టిగా రాయాల" అంది.

ఆవిడ మా ప్రెసిడెంటు. ఎత్తు నా భుజం దాకా రాదు గాని గొంతు కాలవ అవతలికి వినిపిస్తుంది. ఆవిడకి ఎదురు చెప్పి గెలిచినవాళ్ళు ఇంతవరకు లేరు. సరే అన్నాను.

సభలో చదివేదానికి వేరే పుస్తకం కొన్నాను. ఇది మాత్రం నా ఒక్కదానికే. ఇంట్లో మాట్లాడ్డానికి మనిషి లేనప్పుడు ఎక్కడో ఒకచోట వాగాలి కదా.

తోటలో మా ఆయన వేణు అరటి దుబ్బులో అడుగాకు ఒకటి అంచున పసుపెక్కింది. ఈ ఎండలకి ఎక్కదూ మరి.

సెప్టెంబరు 1

చరిత్ర రాయడానికి తీరా కూర్చుంటే పెన్ను కదల్లేదు. "మన సంఘము" అని రాసి, అంత బిగుసుకుపోవడం ఎందుకని కొట్టేశాను. ఇక్కడైతే మాట వస్తుంది.

తొంభై తొమ్మిది దసరా రోజుల్లో తుఫాను వచ్చినప్పుడు ఈ తోట బరంపురం షావుకారు ఒకడిది. వీళ్ళంతా అతని కూలీలు. అప్పటికి నేను ఈ ఊరికి కాపురానికి రాలేదు. వేణు చెప్పగా, కూర్మమ్మత్త వెయ్యిసార్లు చెప్పగా విన్నదే. తెల్లారేసరికి తోట మొత్తం నేలమీద పడుకుని ఉందట. షావుకారు జీపు దిగి చూశాడు. చెప్పులకి బురదైందని విసుక్కున్నాడు. ఈ తోట ఇక నాకొద్దు, మీ కూలి కింద ఆ పడ్డదే తీసుకోండి అని వెళ్ళిపోయాడు.

వీళ్ళు పడ్డ బోదెల మధ్య తిరిగి, మొదట్లో పిలక బతికి ఉన్న దుబ్బుని తలా ఒకటి వెతుక్కున్నారు. ఎవరి దుబ్బుకి వాళ్ళు ఒంటిమీది గుడ్డ చింపి గుర్తు కట్టారు. కూర్మమ్మత్త చీర చెంగు కట్టింది. అందరిలోకి చిన్నవాడు వేణు, లుంగీ అంచు చింపి కట్టాడు. అవన్నీ అమృతపాణి పిలకలు. వాటితోనే తోట మళ్ళీ లేచింది. ఆ ఏడు కార్తీక పున్నమికే సంఘం పెట్టుకున్నారు, తర్వాత కౌలుకి తీసుకున్నారు, చివరికి భూమి కూడా సంఘం పేరుకి వచ్చింది.

తోటంతా అందరిదీ. పనిని బట్టి వాటా. పేరు దుబ్బు ఒక్కటి మాత్రం మనిషిది. ప్రతి వరస మొదట్లో, నీళ్ళు ముందుగా పడేచోట అది ఉంటుంది. దాని మీద ఇంకొకరి కత్తి పడకూడదు. మనిషి సూరత్ మగ్గాలకి వెళ్ళిపోయినా, ఎన్నేళ్ళు రాకపోయినా, దుబ్బు ఉన్నంతకాలం అతను సంఘం మనిషే. వచ్చిన రోజున తన దుబ్బులోంచి ఒక పిలక తీసి వరస చివర నాటితే చాలు. ఎక్కడున్నావు, ఎందుకు రాలేదు అని ఎవరూ అడగరు. దుబ్బు పోతే మాత్రం కొత్తవాడిలా సభలో నిలబడి అందరినీ అడగాలి. మా వైపు సూరత్‌లో ఒక మనిషైనా లేని ఇల్లు లేదు. అందుకే ఇలా పెట్టుకున్నారు.

వేణు ఆరేళ్ళ కిందట, తిత్లీ తుఫాను వచ్చిన ఏడాది సూరత్ వెళ్ళాడు. మొదట్లో ఫోన్లు చేసేవాడు. అతని వరసలో పని నేను చేస్తున్నాను. అతని దుబ్బుకి నీళ్ళు నేను పెడుతున్నాను. ఏటా దాని గెల నేనే కోసి, పళ్ళలో కొన్ని సూరత్ వెళ్ళేవాళ్ళ చేత పంపుతున్నాను.

సెప్టెంబరు 6

రెండాకులు. కోసేశాను. నీళ్ళు తక్కువైనట్టున్నాయి.

సెప్టెంబరు 10

పుణ్యవతి లేకపోతే ఈ తోటలో నాకు పిచ్చెక్కేది.

కాలవ నీళ్ళు ముందు నా వరసకి, అది తడిశాక పుణ్యవతి వరసకి, అక్కడినుంచి కిందికి వెళ్తాయి. అరటాకుల్లో పక్క వరసలో మనిషి కనపడదు. అందుకని గండి కొట్టేముందు "నీళ్ళొస్తన్నాయి!" అని నేను కేకెయ్యాలి, "ఓ!" అని తను పలకాలి. పలక్కపోతే నీళ్ళు వదలకూడదు, గట్టు తెగుతుంది. ఇన్నేళ్ళుగా రోజూ నాతో మొదట మాట్లాడే మనిషి పుణ్యవతే. ఆ "ఓ"లో తనకి ఒంట్లో బాగుందో లేదో, మంచం పట్టిన అత్తతో పొద్దున్నే గొడవైందో లేదో చెప్పేస్తాను.

ఈరోజు ఆకులు కొయ్యడానికి సాయం రమ్మంది. వెళ్ళాను. కోస్తూ కోస్తూ గొంతు తగ్గించింది.

"వదినా, ఒకటి సెప్తాను. ఎవులితోటీ అనకు."

"ఏటే?"

"సోంపేట ఎల్లినప్పుడు మా పుట్టింటి పెరట్లోంచి చక్కెరకేళి పిలక ఒకటి తెచ్చీసినాను. అదిగో, ఆ చివర. బస్సులో గోనెసంచి ఒళ్ళో ఎట్టుకుంటే, పసిబిడ్డా అని కండక్టరు సీటు ఇప్పించినాడే!"

ఇద్దరం నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వాం. బయటి పిలక తోటలోకి తేకూడదు. తెస్తే ఒక పంటకాలం తోటలో అడుగుపెట్టనివ్వరు. ఆ సంగతి తెలియక కాదు, తల్లి పోయాక ఆ ఇంట్లోంచి తెచ్చుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు తనకి. ఎవరికీ చెప్పనన్నాను.

నా కత్తి పదునుగా ఉందని పుణ్యవతి రెండుసార్లు మెచ్చుకుంది.

సెప్టెంబరు 15

మూడు ఆకులు. ఉత్సవం దగ్గరపడుతోంది, తోట శుభ్రంగా కనిపించాలి. పొద్దున్నే, ఎవరూ రాకముందే వెళ్ళి కోస్తున్నాను. పొద్దున చల్లగా ఉంటుంది, పని సాగుతుంది. ఆకులు ఇంటికి తెచ్చి పెరట్లో కాల్చేశాను. దోమలు ఎక్కువగా ఉన్నాయి.

సెప్టెంబరు 22

మార్కండి నుంచి చేపలమ్మి వచ్చింది. ఒక్కదానికి ఎన్ని చేపలు కావాలో ఆవిడకి అర్థం కాదు, బుట్టలో సగం నాకే అంటగట్టాలని చూస్తుంది. కవళ్ళ చేపలు రెండు తీసుకుని ఒకటి పుణ్యవతికిచ్చాను.

చరిత్రలో ఈరోజు రాసింది: సంఘం పెట్టిన కొత్తలో ఉద్యానశాఖ ఆఫీసరు ఒకాయన బరంపురం నుంచి వచ్చి ఎండు తెగులు గురించి చెప్పడం. ముందు అడుగాకులు అంచు నుంచి పసుపెక్కుతాయి. తర్వాత ఆకులు విరిగి బోదె చుట్టూ వేలాడతాయి. మొదలు చీలుతుంది. బోదె కోసి చూస్తే లోపల ఎర్రటి గోధుమరంగు మచ్చలు గుండ్రంగా కనిపిస్తాయి. మట్టిలో, నీళ్ళలో, కత్తితో పాకుతుంది. మందు లేదు. దుబ్బుని వేళ్ళతో సహా పీకి కాల్చి సున్నం చల్లాలి. ఆ చోట మళ్ళీ ఏళ్ళ తరబడి అరటి వెయ్యకూడదు. అమృతపాణికి మరీ తొందరగా అంటుకుంటుంది.

మొత్తం రాశాక, ఉత్సవంలో ఇలాంటివి ఎవరు వింటారనిపించింది. ఆ పేజీ కొట్టేశాను.

సెప్టెంబరు 29

వేణు దుబ్బుకి గెల వేసింది. పెద్ద గెలే. జబ్బున్న చెట్టుకి ఇంత గెల వస్తుందా?

అక్టోబరు 4

మొదలు దగ్గర చిన్న చీలిక. వానకి అలా అవుతుంటుంది.

అక్టోబరు 8

పుణ్యవతి వరసలో మూడు చెట్లు వాడాయి. "ఎండేమో వదినా" అంది. ఎండే అన్నాను.

అక్టోబరు 13

దసరాకి లోకనాథ్ సూరత్ నుంచి వచ్చాడు. వేణు పక్క కార్ఖానాలోనే ఇతని మగ్గం. ఏటా వాళ్ళ ఇంటికి నేనే వెళ్ళి అడుగుతాను, ఏటా "బాగున్నాడు వదినా" అంటాడు. ఈసారి అతనే మా ఇంటికి వచ్చాడు. వీధి అరుగు మీద కూర్చుని టీ తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు.

అది ఇక్కడ రాయను.

అక్టోబరు 14

బెల్లం అయిపోయింది. తేవాలి.

అక్టోబరు 15

పొద్దున్న నాలుగు ఆకులు.

అక్టోబరు 19

ఈరోజు తోటలో పెద్ద రభస.

పుణ్యవతి వరసలో వాడిన చెట్లు చూడ్డానికి కూర్మమ్మత్త వచ్చింది. బోదె ఒకటి అడ్డంగా నరికింది. లోపల ఎర్రగా, గుండ్రంగా మచ్చలు. అందరూ మూగారు. ఎండు తెగులే. ఎక్కడినుంచి వచ్చిందని వరసంతా వెతికారు. చివర చక్కెరకేళి మొక్క కనిపించింది.

"ఇదెక్కడిదే?" అంది కూర్మమ్మత్త.

పుణ్యవతి దాచలేదు. "సోంపేటదత్తా. మా అమ్మ పెరట్లోది."

"ఓలమ్మో! తోటకి నిప్పెట్టీసినావు గదే! పాతికేళ్ళు! మూడు తుఫాన్లొచ్చినా బతికిన తోట!"

"నా పిలక బానే ఉన్నాది గదత్తా, సూడండి. పచ్చగా ఉన్నాది."

"అది పచ్చగానే ఉంటాది. పక్కోల్లని సంపుతాది."

ఎవరో పుణ్యవతి చేతిలోంచి కత్తి లాక్కున్నారు. వచ్చే ఆదివారం సభ. అప్పటిదాకా తోటలోకి రావద్దన్నారు. పుణ్యవతి నా వైపు చూసింది. సాయం అడగలేదు, ఊరికే చూసింది, నాకు ముందే తెలుసు కదా అన్నట్టు. నేను చెప్పుల్లో మట్టి దులుపుకున్నాను.

ఆ పిలక వల్ల కావచ్చు. కాదని ఎవరు చెప్పగలరు?

అక్టోబరు 20

నీళ్ళు వదిలేముందు అలవాటుగా కేకేశాను. పలకడానికి ఎవరూ లేరు. నేనే అటు వెళ్ళి, చూసి, మళ్ళీ ఇటు వచ్చి గండి కొట్టాను.

అక్టోబరు 22

పుణ్యవతి ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది. లోపల అత్త మూలుగుతోంది.

"పంటకాలం బయట కూకోబెడితే ఏటి సేస్తానొదినా? సూరత్ నుంచి మీ అన్న పంపింది మందులకే సరిపోదు" అంది.

ఏదో ఒకటి అవుతుందిలే అన్నాను. అంత పనికిమాలిన మాట నేను తప్ప ఇంకెవరూ అనలేరు.

అక్టోబరు 24

తుఫాను. గోపాలపూర్ రేవులో ప్రమాదం జెండాలు ఎగరేశారట. మధ్యాహ్నానికి వాన దంచికొట్టింది. మామూలుగా నేనూ పుణ్యవతీ జంటగా వరసలకి వెదురు గెడలు పోటు పెడతాం. ఒకరు గెల ఎత్తి పట్టుకుంటే ఇంకొకరు గెడ దింపాలి. ఈసారి నేనొక్కదాన్నే. వేణు దుబ్బు గెలని భుజం మీద ఎత్తి పట్టుకుని, కాలితో గెడ తోసి, ఎలాగో నిలబెట్టాను. ఒళ్ళంతా చెట్టు పాలు కారి చీర నల్లబడిపోయింది.

నిలబెట్టి ఊపిరి పీల్చుకుని కిందికి చూశాను. దుబ్బు మొదట్లోంచి ఎర్రటి నీళ్ళు మట్టిని కోసుకుంటూ పుణ్యవతి వరసలోకి పోతున్నాయి. అక్కడినుంచి కూర్మమ్మత్త వరసలోకి. అక్కడినుంచి కిందికి. ఆపుదామని చేతులు అడ్డం పెట్టాను. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి పోయాయి. చాలాసేపు అలాగే కూర్చున్నాను, వానలో, పిచ్చిదానిలా.

సాయంత్రానికి తుఫాను ఉత్తరానికి తప్పుకుందని చెప్పారు. అందరూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు.

అక్టోబరు 26

ఈరోజు వేణు దుబ్బులో పక్క బోదె ఒకటి కోశాను. ఆ కత్తి పట్టుకోవడానికి పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. లోపల ఎలా ఉంటుందో నాకు ఆగస్టులోనే తెలుసు. అలాగే ఉంది.

ఇక రాయాలి.

వేణుకి సూరత్‌లోనే ఉధనా అనేచోట గది ఉందట. ఆ గదిలో భంజనగర్ వైపు ఒడియా పిల్ల ఒకావిడ ఉంటోందట. ఒక పాప. నడుస్తుంది, మాట్లాడుతుంది, వేణుని ఒడియాలో నాన్నని పిలిచినట్టు "బాపా" అని పిలుస్తుందట. నేను ఏటా పంపే అమృతపాణి పళ్ళంటే ఆ పాపకి చాలా ఇష్టమట. నన్ను సంతోషపెడదామనుకున్నాడు లోకనాథ్, అందుకే ఆ చివరి మాట చెప్పాడు. పాపం.

నాకు పిల్లలు పుట్టలేదు. ఆ పళ్ళు పండేదాకా గడ్డిలో పెట్టి, ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి పంపేదాన్ని. రైల్లో నలిగిపోకూడదని.

అయినా నాకు కోపం వేణు మీద రావడం లేదు, అదే విడ్డూరం. పదమూడో తేదీన ఆ మాట విన్నాను, పదిహేనున మళ్ళీ వెళ్ళి ఆకులు కోశాను. ఎందుకు కోశాను? దుబ్బు ఉంటే ఎప్పటికైనా వస్తాడని. ఆ పిల్లని వదిలేసి కాదు, పాపని వదిలేసి కాదు, ఎలాగో నాకు తెలియదు. వస్తాడని. దానికోసం పుణ్యవతి కత్తి లాక్కుంటే చూస్తూ నిలబడ్డాను.

నేను ఇలాంటి మనిషినని నాకు తెలియదు.

అక్టోబరు 27

సభ ప్యాకింగ్ షెడ్డులో. కూర్మమ్మత్త మొదలుపెట్టకముందే లేచాను. కూర్చున్నానంటే ఇక లేవలేనని తెలుసు. వేణు దుబ్బు బోదె ముక్క సంచిలో తెచ్చాను. బల్ల మీద పెట్టాను.

"ఇది ఎవులి వరసలోదే?" అంది కూర్మమ్మత్త.

"మా ఆయన పేరు దుబ్బుదత్తా. ఆగస్టు నుంచి ఉన్నాది. ఆకులు పసుపెక్కితే తెల్లారకముందే కోసి దాసినాను. పుణ్యవతి పిలక ఏటీ సెయ్యలేదు. నా నీల్లు, నా కత్తి, అవే ఆవిడ వరసకి అంటించినాయి."

కూర్మమ్మత్త కళ్ళు మూసుకుంది. తెరిచాక ఆవిడ గొంతు నాకు కొత్తగా వినిపించింది, అంత మెల్లగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"పేరు దుబ్బు మీద ఇంకోల్ల సెయ్యి పడకూడదని మేమెట్టుకున్నాం. మనిషి మీద నమ్మకం అది. దాన్ని అడ్డం ఎట్టుకుని మాకే గోతులు తవ్వినావే?"

"అవునత్తా" అన్నాను.

"నిన్ను కూకోబెట్టాలా వద్దా అన్నది నాను సెప్పను. దోసం ఎవులి మీద పడిందో ఆవిడే సెప్పాల." పుణ్యవతి వైపు తిరిగింది.

పుణ్యవతి తల వంచుకుంది. ఏడుస్తోందనుకున్నాను. తలెత్తితే కళ్ళు పొడిగా ఉన్నాయి.

"పని సెయ్యనీండి. పని లేకపోతే ఏటవుద్దో నాకు తెలుసు. నాతోటి మాత్రం మాటాడొద్దని సెప్పండి."

నేను అక్కడే ఉన్నాను, రెండడుగుల దూరంలో. అయినా నాకు చెప్పమని వాళ్ళతో అంది.

అక్టోబరు 29

దుబ్బు తవ్వాను.

ఇంకొకరి కత్తి పడకూడదు కాబట్టి ఎవరూ సాయం రాలేదు. గట్టు మీద నిలబడి చూశారు. గెల ముందు దించాను, పచ్చి గెల. తర్వాత బోదెలు. తర్వాత దుంప. పాతికేళ్ళుగా పిల్లలు పెట్టి పెట్టి దుంప బండలా తయారైంది. పలుగు దిగలేదు. ఎంతకీ కదల్లేదు. ఒక దశలో దాన్ని తిట్టాను, నోటికి వచ్చినట్టు, అందరూ వింటుండగా. దాన్నే తిట్టానో వేణునే తిట్టానో నాకే తెలియదు. ఆఖరికి ఊడింది. ఆ గోతిలో నన్ను కూర్చోబెట్టి మట్టి కప్పినా పట్టేలా ఉంది.

కాల్చాం. పచ్చిది కదా, అంటుకోదు. కిరసనాయిలు పోసి, ఎండుటాకులు వేసి, సాయంత్రం దాకా. పొగకి కళ్ళు మండాయి. కూర్మమ్మత్త సున్నం బస్తా తెప్పించి గోతి పక్కన పెట్టి వెళ్ళింది. చల్లాను.

పుణ్యవతి వరసలో చెట్లతో పాటు కూర్మమ్మత్త వరసలో కూడా ఒకటి పోయింది. ఇంకెన్ని పోతాయో తెలియదు. సోంపేట మొక్కని ఉద్యానశాఖ ఆఫీసరు వచ్చి చూసి, ఉంచుకోవచ్చన్నాడు. పుణ్యవతి కత్తి తనకి తిరిగి ఇచ్చి తోటలోకి రమ్మన్నారు.

నవంబరు 2

తోటలో నీళ్ళు తిప్పేశారు. ఇప్పుడు అటువైపు నుంచి పారతాయి. ముందు కింది వరసలు, తర్వాత కూర్మమ్మత్త, తర్వాత పుణ్యవతి, అందరికంటే ఆఖర్న నేను. జబ్బున్న చోటి నీళ్ళు ఇంకెక్కడికీ పోకూడదు కదా. న్యాయమే.

ఇప్పుడు కేక పుణ్యవతి వెయ్యాలి, నేను పలకాలి. తను వెయ్యదు. నేను పార పట్టుకుని కాలవలో నిలబడతాను. పాదాలకి తడి తగిలితే నీళ్ళొచ్చాయని తెలుస్తుంది.

నవంబరు 9

వంకాయ కూర బాగా కుదిరింది. ఇద్దరికి సరిపడా వండాను, చెయ్యి అలవాటు. రాత్రికీ అదే, పొద్దునకీ అదే.

నవంబరు 15

పున్నమి. పాతికేళ్ళ సభ. తెల్లవారుజామున ఒడియావాళ్ళు అరటిదొప్పల పడవలు నీళ్ళలో వదిలే రోజు. ఏటా దీనికోసం బరంపురం నుంచి వ్యాపారులు వచ్చి మా బోదెలు బళ్ళకెత్తుకుని పోయేవాళ్ళు. ఈసారి తోటలోంచి ఒక్క బోదె బయటికి వెళ్ళకూడదని ఆఫీసరు చెప్పాడు. పట్నంలో థర్మోకోల్ పడవలు వదిలారట.

చరిత్ర చదివాను. కొట్టేసిన పేజీ మళ్ళీ రాసి చేర్చాను. దాని తర్వాత ఈ ఏడాది జరిగింది కూడా రాశాను, నా పేరుతో సహా, దాచకుండా. మధ్యలో ఒకచోట ఆగాను. మంచినీళ్ళు తాగి మళ్ళీ చదివాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కూర్మమ్మత్త మాత్రం, "నా గురించి ఇంతేనా?" అంది. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. చాలా రోజులైంది.

పుణ్యవతి నవ్విందో లేదో చూడలేదు. చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

నవంబరు 18

ఈ తోటలో నా పేరున దుబ్బు ఎప్పుడూ లేదు. ఇన్నేళ్ళు పని చేసి కూడా ఆ సంగతి ఒక్కసారీ తట్టలేదు. ఈరోజు సున్నం చల్లిన చోట నిలబడితే తట్టింది.

నవంబరు 23

పొద్దున్నే కాలవలో నిలబడ్డాను. ఎప్పటిలాగే కేక లేదు. పాదాల వైపు చూస్తూ నిలబడ్డాను. ఫోను మోగింది. తెలియని నంబరు. ఎత్తితే అవతల మగ్గాల చప్పుడు.

"ధరణీ, నాను."

ఆ గొంతు ఏమీ మారలేదు. గట్టు పట్టుకున్నాను.

"లోకనాథ్ సెప్పినాడు. నా దుబ్బు తీసీసినారంట. నిజమేనా?"

"నిజమే."

"ఎవులు తీసినారు? నా దుబ్బు మీద కత్తెట్టడానికి ఎవులికి హక్కుంది?"

"నానే తీసినాను. తెగులు పట్టింది."

తర్వాత అడిగాడు.

"మరి నానెక్కడికి రావాల?"

కోపంగా అనలేదు. నిజంగా తెలియక అడిగాడు. అతనికి ఇక్కడ ఇల్లుంది. ఇంట్లో నేనున్నాను. ఆ రెండూ గుర్తు రాలేదు. ఇన్నేళ్ళూ దుబ్బు ఉంది కదా అన్న ధైర్యంతో అతను అక్కడ ఉండిపోయాడు, అదే ధైర్యంతో నేను ఇక్కడ కాచుకున్నాను. ఇద్దరం ఒకే చెట్టుని పట్టుకుని వేలాడాం. ఏడుపొచ్చింది. అయినా, ఈ డైరీలో అబద్ధం ఎందుకు, "ఇంటికి రా" అనబోయాను. నోరు తెరిచాను కూడా.

అప్పుడే ఆకుల అవతలినుంచి వినపడింది.

"నీళ్ళొస్తన్నాయి!"

వదినా అనలేదు. పేరు పెట్టి పిలవలేదు. ఆ ఒక్క మాటే.

ఫోను చెవి దగ్గరే ఉంది. వేణు "హలో, హలో" అంటున్నాడు.

"ఓ!" అన్నాను, ఆ గట్టుకి వినపడేంత గట్టిగా. తర్వాత ఫోనులో, "నీల్లొచ్చినాయి, నాను ఎల్లాల" అని చెప్పి పెట్టేశాను. పార తీసుకుని గండి కొట్టాను.